ఆపరేషన్ అక్కమ్మకు, పట్టీ నాకు

ఇది మంజీర పొంగి మనూర్ బాట మునిగిన యేడు జరిగింది. నాకు తేదీలు గుర్తుండవు, నీళ్లు గుర్తుంటాయి. అంతకు పన్నెండేళ్ల ముందు, చెరువు కట్ట తెగిన యేడు, నా భార్య అక్కమ్మకు రొమ్ములో గడ్డ వస్తే హైదరాబాద్ దవాఖానలో తీసేసి, ఆ చోట సిలికాన్ సంచి ఒకటి పెట్టారు. ఇన్నేళ్లకు అది గట్టిపడి నొప్పి పెట్టసాగింది. మళ్లీ వెళ్లాం. సంచి తీసేశారు. కొత్త గడ్డ ఏదీ లేదన్నారు.

ఇంటికి పంపుతూ డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పింది. "ఆరు వారాలు చేతులు భుజాల పైకి ఎత్తొద్దు. బిందె మోయొద్దు. కుట్లు తెగితే మళ్లీ కోయాల్సి వస్తుంది."

ఆ ఆఖరి మాటకు అక్కమ్మ నా చొక్కా పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నా చొక్కా పట్టుకోవడం అది రెండోసారి. మొదటిసారి కొట్టడానికి.

నారాయణఖేడ్ బస్టాండులో దిగేలోపు నాకొక ఉపాయం తట్టింది. మా వాడలో ఎవరికి ఆపరేషన్ అయినా కుట్టు చూడనిదే పరామర్శ ముగియదు. బ్రెడ్డు ప్యాకెట్టు చేతిలో పెడతారు, కుట్టు చూపించమంటారు. అక్కమ్మ కుట్టు వాడంతా చూడడమా?

"ఆపరేషన్ నాకైందని చెప్త," అన్నాను.

"ఎవలికి?"

"అందరికి."

"నీకేం రోగమని చెప్తవయ్యా?"

"కడుపుల రాయి."

అక్కమ్మ నన్ను కిందికీ పైకీ చూసి, "పడుకో మరి," అంది. అంత జల్దీ ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాలి. కానీ నేను చదివింది మూడో తరగతి.

నేను రోజుకు పది మాటలు మాట్లాడే మనిషిని. అబద్ధం కూడా నాలుగు మాటల్లోనే కుదిర్చాను. "నా కడుపుల రాయి. కోసిండ్రు."

పొట్టకు పట్టీ చుట్టుకున్నాను. పొద్దున్నే నీళ్లు పట్టి, బోళ్లు తోమి, అన్నం వండి, తలుపు మూసి అక్కమ్మకు జడ అల్లి, జనం వచ్చే వేళకు మంచమెక్కి మూలిగేవాణ్ణి. అంత పని చేసిన రోగి జిల్లాలో లేడు. జడ నాకు కష్టం కాలేదు. నలభై ఏళ్లు ఎద్దులకు పగ్గాలు పేనిన చేతులు.

మొదట వచ్చింది రాళ్ల బస్వరాజ్. తన కడుపులో తీసిన రాయిని సీసాలో పెట్టుకుని పెండ్లిళ్లకు కూడా తెచ్చే మనిషి.

"ఏది మత్తన్నా, నీ రాయి చూపియ్యి."

ఇది నేను ఆలోచించలేదు. "దవాఖానల ఉంది."

"గట్లెట్ల? మన రాయి మనకియ్యాలె. రేపే పోయి కొట్లాడి తెస్త!"

ఆయన నిజంగానే వెళ్తాడు. అందుకని మరునాడే ఒక రాయిని మందు సీసాలో వేసి చూపించాను. బస్వరాజ్ వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"ఇది రోడ్డుకేసే కంకర. మూడు మూలలున్నయ్. నీ కడుపులకెళ్లి ఎట్లొచ్చింది?"

"మింగిన," అన్నాను.

సాయంత్రానికి వాడ వాడంతా తెలిసింది, అక్కమ్మ బియ్యంలో రాళ్లు ఏరదని. మరునాడు ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చి మా బియ్యం చెరిగి పెట్టారు.

"నా పేరు మంచిగ నిలబెట్టినవయ్యా," అంది అక్కమ్మ. "గిన్నేండ్లు ఏరి పెడితే కంకర మింగినవా?"

ఆ పైన ఉలవచారు. మళ్లీ రాయి పుట్టకూడదని ఇంటికొక గిన్నె వచ్చేది. మా మహిళా సంఘం పెద్ద మైక్ గ్రేసమ్మ ఎదురుగా కూర్చుని తాగించేది. ఆమె గుసగుస పక్క మండలం కల్హేర్‌లో వినపడుతుంది.

"తాగు మత్తయ్యా! సిగ్గువడకు! ఇంకో గిన్నె ఉంది!"

గుర్రానికి కూడా అన్ని ఉలవలు పెట్టరు.

పదో రోజు ఇల్లు నిండా జనం. గ్రేసమ్మ ఉన్నట్టుండి అంది: "అక్కమ్మా, అటక మీది పెద్ద గంజు దించు. అందరికి చాయ్ పెడదాం."

అక్కమ్మ లేచింది. అటక కింద నిలబడింది. చెయ్యి మెల్లగా లేచింది. నడుము దాటింది. భుజం దాకా వచ్చింది.

నేనెప్పుడు మంచం దూకానో నాకు తెలియదు. గంజు నా చేతుల్లో ఉంది. పట్టీ ఊడి కాళ్లకు చుట్టుకుంది. పొట్ట మీద గీత కూడా లేదు. అందరూ అదే చూస్తున్నారు.

"గెలిచినవే అక్కమ్మా," అంది గ్రేసమ్మ. "లేవడనుకున్న."

"లేస్తడని చెప్పలే?" అంది అక్కమ్మ.

"మీకెట్ల ఎరుక?" అన్నాను.

అక్కమ్మ వెనక్కి తిరిగి జడ చూపించింది. "మొదటిరోజే ఎరుక. గీ ముడి ఎద్దు పగ్గానికి దప్ప ఎవలేస్తరు? చెయ్యికేమైందని అడిగిండ్రు. చెప్పిన."

"నాకు చెప్పకపోతివి?"

"పడుకుంటనంటివి. పడుకోనిచ్చిన."

"మరి ఉలవలు?"

"అవి కంకరకు."

ఆమె డబ్బా తెచ్చి మూత తీసింది. దవాఖానలో అడిగి తెచ్చుకున్న సిలికాన్ సంచి. చేతులు మారింది. గ్రేసమ్మ రొట్టె పిండిలా ఒత్తి చూసింది. బస్వరాజ్ దూరం నుంచే దాని సైజు చూసి, తన సీసా జేబులో దాచుకుని వెళ్లిపోయాడు.

సంచి పక్కింటి సలోమి దగ్గర ఆగిపోయింది. ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

"వదినా, రెండు నెలల సంది నాకూ గిక్కడ గడ్డ తగులుతుంది. ఎవలికి చెప్పలే."

గ్రేసమ్మ జరిగి సలోమి పక్కన కూర్చుంది.

"రేపు నా కుట్లు చూపెట్టుకునేదుంది," అంది అక్కమ్మ. "మొదటి బస్సుకు నాతో నడువు. పరేషాన్ గాకు. నేనున్న."

నా అబద్ధం నిలిచి ఉంటే సలోమి నోరు తెరిచేది కాదు. ఆ మాట పైకి అందామనుకున్నాను. కానీ ఆ రోజు పది మాటలు ఎప్పుడో అయిపోయాయి.

మరునాడు పొద్దున తలుపు మూయలేదు. వాకిట్లో పీట వేసి అక్కమ్మను కూర్చోబెట్టాను. సలోమి బట్టల సంచి భుజాన వేసుకుని పక్కనే నిలబడి చూస్తోంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నూనె రాసి, దువ్వి, జడ అల్లి, కొసకు ఎద్దు ముడే వేశాను. ఇంకో ముడి నాకు రాదు.