సంబంధాల ఎమ్మే

1963 జూన్ మాసంలో నాంపల్లి గొడుగుల దుకాణం జనార్దన్ గారు తమ ఏకైక కుమార్తె సౌభాగ్యను ఎమ్మే చదవడానికి సంతోషంగా అనుమతించారని తెలియజేయడానికి గర్విస్తున్నాం. అంతకు ముందు వారం రోజులు ఆయన ససేమిరా అన్నమాట నిజమే. ఆడపిల్ల బీయే దాటితే సంబంధాలు రావని ఆయన సిద్ధాంతం. ఆయనది ఉర్దూ చదువు, ఫారమేమో ఇంగ్లీషులో ఉంది. కోర్సు పేరును సౌభాగ్య తెలుగు చేసి వినిపించింది: చరిత్ర, అంతర్జాతీయ సంబంధాలు. జనార్దన్ గారు మళ్లీ చదవమన్నారు, వెంటనే సంతకం గీకేశారు. సంబంధాల గురించి సర్కారే చదువు చెబుతానంటే కాదనడానికి ఆయనెవరు? పైగా చరిత్ర కూడా కలిపి చెబుతారట. అవతలివాళ్ల చరిత్ర తెలియకుండా పిల్లనెవరిస్తారు?

సౌభాగ్య ఆ అపార్థాన్ని సవరించలేదు. కోఠిలో ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్ కావాలని ఆమె ఆశ. దానికి ఎమ్మే కావాలి, ఎమ్మేకు నాయిన సంతకం కావాలి. కాబట్టి నోరు మూసుకుంది.

వార్త బేగం బజార్ దాకా పాకింది. ఆదివారం వస్తే చాలు, అబిడ్స్ స్టూడియోల్లో తీయించిన పెండ్లిచూపుల ఫొటోలు పట్టుకొని జనం వరండాలో కూర్చునేవారు. పక్కింటి కమలమ్మ, "జర నీ చరిత్ర బుక్కుల చూసి చెప్పు బిడ్డా, గీ పిల్ల మా తమ్మునికి నడుస్తదా" అని అడిగింది. పాపం, సౌభాగ్యకు తెలిసినవి సంధులు, సరిహద్దులు. వాటినే చెప్పింది. మధ్యలో గోడ ఉంటే శాంతి నిలుస్తుందంది. కమలమ్మ తమ్ముడు పెండ్లయిన వారానికే వేరు కాపురం పెట్టాడు, శాంతి నిలిచింది. అత్తకూ తోడికోడలికీ మధ్య నలిగిపోతున్న అఫ్జల్‌గంజ్ కోడలికి అలీన విధానం బోధించింది. ఎవరి పక్షమూ చేరని ఆ ఇల్లాలితో ఇద్దరూ మాట్లాడటం మానేశారు. ఆరేండ్ల కాపురంలో అప్పుడే ఆమె కంటి నిండా నిద్రపోయిందట. ప్రచ్ఛన్న యుద్ధం సంగతి మాత్రం సౌభాగ్య ఎవరికీ చెప్పలేదు, కోడళ్లే ఆమెకు చెప్పారు.

కుల సంఘం అధ్యక్షులు గోపాలరావు గారు ఆమెకు శాలువా కప్పి ప్రసంగించారు. "ఐక్యరాజ్యసమితిని అమెరికాల ఎందుకు పెట్టిన్రో నాకు సమజైతలేదు. నాంపల్లిల గింత జాగ ఉండె." చప్పట్లు చాలాసేపు మోగాయి.

రెండో ఏడు చివర బేగం బజార్ మిర్చి వ్యాపారి బిచ్చయ్య గారు తమ కొడుక్కు సౌభాగ్యను అడగడానికి వచ్చారు. తోడుగా తెచ్చుకున్న పెద్దమనిషి ఎవరో కాదు, ఆమె ప్రొఫెసర్ భావనారాయణ గారే. ఏ దేశం తలరాతనైనా ఆ దేశ ప్రజలే రాసుకోవాలని రెండేండ్లుగా బల్ల గుద్ది చెబుతున్న మహానుభావుడు. ఆయన్ని చూడగానే సౌభాగ్యకు ప్రాణం లేచొచ్చింది.

చర్చలు ముందు గదిలో జరిగాయి, సౌభాగ్య వంటింట్లో ఉంది. ఊరందరి సంబంధాలూ ఆమెనడిగి తేల్చుకున్నారు గానీ ఈ ఒక్కదానికి ఎవరూ అడగలేదు. తాంబూలాలు మారాయి. ముహూర్తం మే ఆరో తారీఖు అని వినపడగానే ఆమె టీ కప్పుల పళ్లెంతో బయటికొచ్చింది.

"నాయినా, ఆ దినం నాకు ఆఖరి పరీక్ష ఉన్నది."

"ఏం పరీక్ష?"

"అంతర్జాతీయ సంబంధాలు."

జనార్దన్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "సంబంధం కుదిరినంక ఇగ గా పరీక్షెందుకు బిడ్డా?"

ఆ మాటలో గదిలో ఎవరికీ తప్పు కనిపించలేదు. సౌభాగ్య ఒక్క మాట సాయం చేయమన్నట్టు ప్రొఫెసర్ గారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఇలాంటి సమయాల్లో పెద్ద దేశాలు గొంతు సవరించుకోవడం చరిత్రలో మామూలే.

"మీ నాయిన చెప్పింది కరెక్టేనమ్మా. మా పిల్లను గూడ నేను ఫైనలియర్లనే మాన్పించిన" అని, కప్పు అందుకొని ఒక గుక్క తాగి, చక్కెర జర తక్కువైందన్నారు.