రంపం దాకా వెళ్ళిన గొట్టం

ఆదివారం పొద్దున డ్రైవింగ్ మాష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పక్కింటి పిన్నిగారికి ఒక గంట కారు నేర్పించాలి. ఇంటికొచ్చి, కెమెరా కొట్టు నుంచి వచ్చే లెన్సు అందుకోవాలి. మామగారింటికి వెళ్ళి, పెరట్లోని ముసలి చెట్టు మీద వాలే వడ్రంగిపిట్టను ఫొటో తీయాలి. తోడల్లుడి నోరు మూయించాలి. ఈ చివరిది పైకి ఎవరితోనూ అనలేదు కానీ, మిగతావన్నీ దానికోసమే.

తోడల్లుడు పళ్ళ డాక్టరు. మాష్టారి భార్యకు చెల్లెలి మొగుడు. మనిషి మంచివాడు, మాష్టారికి అదే ఇంకా మంట. ఏడాదిగా ఎక్కడినుంచో ముంజేయంత లెన్సు పట్టుకొచ్చి పిట్టల ఫొటోలు తీస్తున్నాడు. వాటిలో పిట్ట కనురెప్ప మీద దుమ్ము కూడా కనిపించేది. పిట్టలకు పళ్ళుంటే అవి కూడా లెక్కపెట్టేవాడు.

మాష్టారికీ కెమెరా ఉంది. దానితోపాటు వచ్చిన పొట్టి లెన్సు ఉంది. దాంతో తీస్తే చెట్టంతా చక్కగా వచ్చేది, పిట్ట నువ్వుగింజంత వచ్చేది. ఒకసారి అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, ఆయన తీసిన ఫొటోను కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది.

"బాగుంది బాబూ. ఇదేనా పిట్ట?"

"అది ఆకు అత్తయ్యా. పిట్ట ఇటు."

"ఇదా?"

"అదీ ఆకే."

పక్కనే ఉన్న పళ్ళ డాక్టరు నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాడు. అది చూసి మాష్టారి కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న బ్రేకు ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ, గుండె అదిరినప్పుడల్లా కాలు దానంతటదే నేలను తొక్కడం ఆయనకు అలవాటైపోయింది.

మామగారు కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఈమధ్యే ఇల్లు మారారు. కొత్త ఇంటి హాల్లో, సోఫాకు సరిగ్గా పైన, ముందున్నవాళ్ళు వదిలేసిన మేకు ఒకటి ఉంది. "మన వడ్రంగిపిట్టను ఎవరు బాగా తీస్తే వాళ్ళ ఫొటో దీనికి," అని తీర్పు చెప్పారు. పాత ఇంట్లో గోడలన్నీ చిన్నల్లుడి పిట్టలే. పెద్దల్లుడికి ఒక్క మేకు కూడా దక్కలేదు.

అందుకే మాష్టారు కెమెరా కొట్టుకు వెళ్ళాడు. కొట్టాయన ఓపికగా అన్నీ బల్లమీద పెట్టి చూపించాడు.

"ఇది జూము సార్. బరువే కానీ దగ్గరా దూరమూ రెండూ అందుతాయి. ఇది జూము కాదు, ఒకటే దూరం. తేలిక, ధర కూడా మనకు అందుబాటులో ఉంటుంది. కాకపోతే పిట్ట దగ్గరికొస్తే మీరే వెనక్కి నడవాలి."

"మరి ఆ మూలది?"

"చవకే, కానీ లోపల బూజు పట్టింది. ఏ పిట్టను తీసినా మబ్బులో ఉన్నట్టు వస్తుంది."

"ఇవన్నీ సరేనండీ. అన్నిటికంటే పొడుగు ఏది?"

"పొడుగు చూసి కొనకూడదు సార్. మీ పిట్ట ఎంత దూరంలో వాలుతుంది?"

"పిట్ట సంగతి వదిలెయ్యండి. మా తోడల్లుడిది ఇంతుంటుంది," అని మాష్టారు ముంజేయి చూపించాడు.

కొట్టాయన ఆ ముంజేయి వంక కాసేపు చూశాడు. "అలాంటిది ఒకటి అద్దెకిస్తాం. కొనేముందు ఒకరోజు వాడి చూడండి, చెయ్యి బరువు ఆపుతుందో లేదో తెలుస్తుంది. ఆదివారం ఇంటికి పంపిస్తా."

"పంపేటప్పుడు లెన్సు అనకండి. వంటగది సింకు కింద గొట్టం మార్చేదాకా కెమెరా మాటెత్తొద్దంది మా ఆవిడ."

"మరేమనమంటారు?"

మాష్టారికి అప్పటికప్పుడు వేరే మాట తట్టలేదు. "గొట్టం అనండి," అన్నాడు. బయటికొచ్చాక ఆ మాట ఆయనకే నచ్చింది. ఆదివారంతో ఎవరు పెద్ద గొట్టంగాడో తేలిపోతుంది అనుకుని లోలోపల నవ్వుకున్నాడు.

అన్నట్టుగానే ఆదివారం ఒక మనిషి వచ్చి, "మాష్టారు చెప్పిన గొట్టమమ్మా," అని పొడుగాటి పెట్టె ఇచ్చి వెళ్ళాడు. మాష్టారి భార్యకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎన్నాళ్ళుగానో ఆ సింకు కింద గిన్నె పెట్టి, గుడ్డ కట్టి నెట్టుకొస్తోంది. చెల్లెలు వచ్చినప్పుడల్లా, "మా సింకు కింద నేను ఉల్లిపాయలు పెట్టుకుంటానక్కా," అనేది. ఆ ఉల్లిపాయలు తలుచుకుంటే తరగకుండానే అక్కకు కళ్ళు మండేవి.

వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. కార్లో ఉంటాడు కాబట్టి మాష్టారి ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"ఏమండీ, గొట్టం వచ్చింది!"

"పిన్నిగారూ, ఎదురుగా గేదె! హారన్ కాదు, బ్రేకు! ఆఁ, వచ్చిందా? ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నేనొచ్చి బిగించుకుంటా."

ఆ మాటకు ఆమె సింకు వంక చూసింది. ఆయన కిందటిసారి బిగించినప్పుడు వంటగదిలో చెప్పులు తేలాయి. ఈసారి ఆయన వచ్చేలోపే పని అయిపోవాలని వాకిట్లోకి వచ్చింది. దేవుడు పంపినట్టు సందు చివర కుళాయి బాబాయి సైకిల్ మీద కనిపించాడు. ఊళ్ళో అందరి కుళాయిలూ బాగుచేసేది ఆయనే.

"బాబాయ్, మా సింకుకి గొట్టం తెప్పించారు. కాస్త పెట్టి పో."

బాబాయి పెట్టెను చేత్తో కొలిచి పెదవి విరిచాడు. "పొడుగెక్కువమ్మాయ్. రంపమేమో మీ నాన్నగారింట్లో వదిలొచ్చా, అక్కడ పని సగంలో ఉంది. దీని కొస కోసి తెచ్చి బిగిస్తాలే."

"నీ పుణ్యం ఉంటుంది. ఆయనొచ్చేలోపు తే."

పెట్టె సైకిల్ వెనక ఎక్కి సందు మలుపు తిరిగింది. ఇటునుంచి మాష్టారు దిగాడు.

"ఏదీ గొట్టం?"

"బాబాయి పట్టుకెళ్ళాడు. నాన్నగారింట్లో రంపం ఉందట, కొస కోసి తెస్తానన్నాడు."

మాష్టారు వచ్చిన దారినే తిరిగాడు. పరుగెత్తి కార్లో పడ్డాడు. పడటం పడటం అలవాటు కొద్దీ తన సీట్లోనే పడ్డాడు. స్టీరింగు ముందు ఇంకా పిన్నిగారే ఉంది.

"పోనివ్వండి పిన్నిగారూ! మా మామగారింటికి! వేగంగా!"

"మీరేగా బాబూ రెండో గేరు దాటొద్దన్నారు."

"ఈరోజుకి దాటండి!"

పిన్నిగారు దేవుణ్ణి తలుచుకుని మూడో గేరు వేసింది. కానీ మాష్టారి కళ్ళముందు రంపం ఆడినప్పుడల్లా ఆయన కాలు తన వైపు బ్రేకును తొక్కేసేది. కారు నాలుగడుగులు ఉరికి, ఆగి, మళ్ళీ ఉరికేది.

"బ్రేకు మీరే వేస్తున్నారు మాష్టారూ!" అంది పిన్నిగారు, మొదటిసారి ఆయన తప్పు పట్టగలిగిన ఆనందంతో.

వాళ్ళు చేరేసరికి మామగారి వరండాలో పెట్టె విప్పి ఉంది. కుళాయి బాబాయి లెన్సును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, "ఇదేం గొట్టమో, రెండువైపులా అద్దాలు పెట్టారు, నీళ్ళెలా పోతాయి?" అంటూ రంపం ఆనించాడు. మాష్టారు నోరు తెరిచేలోపే ఇంట్లోంచి ఒక కేక వినిపించింది.

"ఆపు బాబాయ్! అది నా లెన్సు!"

పళ్ళ డాక్టరు. వడ్రంగిపిట్టను వెతుకుతూ ఆయన కూడా పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. తన లెన్సు రిపేరుకు ఇచ్చానని అప్పటికే అందరికీ చెప్పాడు.

"నీదేంటి తమ్ముడూ? అది నాది!" అన్నాడు మాష్టారు రొప్పుతూ.

"నీకెక్కడిదన్నయ్యా? ఆ పట్టీ చూడు, నా చేత్తో నేను వేసిన కుట్లు. చిగుళ్ళకు వేసే దారం!"

మామగారికి కోర్టు రోజులు గుర్తొచ్చాయి. కుర్చీ ముందుకు లాక్కున్నారు. "చిన్నల్లుడు గుర్తు చెప్పాడు. పెద్దల్లుడూ, నీ సాక్ష్యం ఏది?"

మాష్టారు సాక్ష్యం కోసం తడుముకుంటుండగా జేబులో ఫోన్ మోగింది. కంగారులో నొక్కాడు. స్పీకర్ మీదే ఉంది.

"మాష్టారూ, కెమెరా కొట్టునుంచి. గొట్టం అందిందాండీ? పట్టీ జాగ్రత్త. పోయిన ఆదివారం పళ్ళ డాక్టరుగారు తెంపేసి, పాపం ఆయనే కుట్టి తెచ్చారు. అద్దె సామాను కదా, మీరూ సాయంత్రానికల్లా తిరిగిచ్చెయ్యండి."

అల్లుళ్ళిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ఏడాదంతా ఎవరి లెన్సు చూసి కడుపు మండిందో, అది ఎవరి లెన్సూ కాదని తెలిశాక కూడా మాష్టారికి ఒక బాధ మిగిలింది. ఆ సంగతి తనకంటే తోడల్లుడికే ముందు తెలుసు.

"అంటే సింకుకి పనికిరాదన్నమాట," అని కుళాయి బాబాయి రంపం కింద పెట్టాడు. అప్పటికి వడ్రంగిపిట్ట ఈ కేకలకు ఎప్పుడో ఎగిరిపోయింది.

మామగారు చెయ్యి చాపి లెన్సు తీసుకున్నారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, కాసేపు చెట్టు వంక చూశారు. "ఆ కొట్టాయన నంబరు ఇలా చెప్పు," అన్నారు. చివాట్లు పెట్టడానికేమో అనుకుని మాష్టారు చెప్పేశాడు.

తర్వాతి ఆదివారం కొట్టులో లెన్సు దొరకలేదు. ఆ పై ఆదివారమూ దొరకలేదు. అడగడానికి వెళ్ళిన తోడల్లుళ్ళిద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు. "ఒక పెద్దాయన వరసగా చెప్పి పెట్టుకున్నారండీ," అన్నాడు కొట్టాయన.

మామగారి నుంచి కబురొచ్చి ఇద్దరూ వెళ్ళేసరికి సోఫా పైన మేకుకు పెద్ద ఫొటో వేలాడుతోంది. మామగారు దానికింద చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఎలా ఉంది?"

"అద్భుతం మామయ్యగారూ," అన్నారు అల్లుళ్ళిద్దరూ. వాళ్ళు ఒక మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చింది. "ఇందులో పిట్ట ఏది బాబూ?"

మామగారు అల్లుళ్ళ వైపు తిరిగారు. ఇద్దరూ ఒకేసారి వేళ్ళు చూపించారు, చెరో ఆకు మీదికి.