సామాన్ల గదిలో కచేరీ

పళ్ళ డాక్టరు ఆ రోజు పొద్దున్నే ఒక మంచి నిర్ణయం తీసుకున్నాడు. ఇకమీదట తను పెట్టే పాటల వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. వినే భాగ్యం కుర్చీలో కూర్చున్న పేషెంటుకు మాత్రమే దక్కాలి. అందుకోసం కొత్త హెడ్‌ఫోన్లు కొన్నాడు. అద్దం ముందు నిలబడి వాటిని తలకు తగిలించుకుని, అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోయాడు.

నిజానికి ఈ నిర్ణయం అతనికి దానంతట అది పుట్టుకొచ్చింది కాదు. క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చుని పేషెంట్లను పిలిచే భార్య, రాత్రి ఇచ్చిన ఆఖరి హెచ్చరికలోంచి పుట్టింది.

"మీ పాటలకు బెదిరి ఇంకొక్క పేషెంటు మెట్లు దిగి వెళ్ళిపోయినా సరే, ఆ స్పీకర్లు మా తమ్ముడింటికి వెళ్ళిపోతాయి. వాడు ఇప్పటికే గోడకు మేకులు కొట్టుకుని కూర్చున్నాడు" అంది ఆవిడ.

ఆ రెండు స్పీకర్లూ డాక్టరు పంచప్రాణాల్లో రెండు. ఆ రాత్రే వాటిని చిన్న పాపల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని క్లినిక్కు సామాన్ల గదిలో పెట్టాడు. ఆవిడ తాళం వేసి, తాళంచెవి చేతిసంచిలో వేసుకుంది. "పాపం, ఛార్జింగులోనైనా ఉండనివ్వవే" అని బతిమాలితే ఆ ఒక్కటీ ఒప్పుకుంది.

స్టూడియోలో రికార్డు చేసిన పాట కట్టుడు పళ్ళ లాంటిదని డాక్టరు సిద్ధాంతం. వరస తప్పదు, మెరుస్తుంది, ప్రాణం ఉండదు. జనం మధ్య నిలబడి పాడిన పాట సొంత పన్ను. వంకర ఉండొచ్చు, పుచ్చు ఉండొచ్చు, కానీ వేరుంటుంది. ఈ సిద్ధాంతాన్ని అతను పేషెంట్లకే వినిపించేవాడు. నోరు తెరిచి పడుకున్న మనిషిని మించిన శ్రోత ఎక్కడ దొరుకుతాడు? కాదనలేడు, లేచి పోలేడు. అంతటితో ఆగకుండా మందుల చీటీ చివర కొత్త బ్యాండ్ పేరు ఒకటి రాసి, 'పడుకునే ముందు ఒకసారి' అని చేర్చేవాడు. కిందటి నెలలో ఒక పెద్దాయన 'ఆదివారం సెలవు' అనే బ్యాండ్ పేరున్న చీటీ పట్టుకుని కింద మందుల షాపుకు వెళ్ళాడు. షాపాయన చీటీని రెండుసార్లు చదివి, "మాకు ఆదివారం కూడా సెలవు లేదండీ" అని తిప్పి పంపాడు. అప్పటినుంచి షాపాయనకు పైనున్న డాక్టరు మీద ఒక కన్ను ఉంది.

ఈ వారం కొత్త పిచ్చి 'లిఫ్టు పనిచేయదు' అనే బ్యాండు. వాళ్ళ కచేరీలో స్టేజీ పక్కనే నిలబడిన మిత్రుడొకడు ఫోనులో రికార్డు చేసి పంపాడు. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. మైకు చచ్చింది. గాయని ఆగలేదు. చీకట్లో వట్టి గొంతుతో ఒకే స్వరాన్ని పట్టుకుని, పైకి, ఇంకా పైకి తీసుకువెళ్ళింది. సరిగ్గా ఆ స్వరం కొసకు చేరేసరికి కరెంటు వచ్చింది. హాలు హాలంతా ఒక్కసారిగా గోల పెట్టింది. విన్న ప్రతిసారీ డాక్టరుకు ఒళ్ళు పులకరించేది, కళ్ళు చెమర్చేవి. మూడు రోజులుగా ఇంట్లో టిఫినులోకీ, భోజనంలోకీ నంజుకోవడానికి అదే పాట.

"ఇవాళ నాన్నను తీసుకొస్తున్నాను" అంది భార్య బయలుదేరుతూ. "నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు అని నెల్లాళ్ళు నచ్చజెబితే ఒప్పుకున్నారు. నా పరువు తీయకండి."

"ఇవాళ చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది, చూడు" అన్నాడు డాక్టరు హెడ్‌ఫోన్లు నిమురుతూ.

మొదటి పేషెంటు లారీ డ్రైవరు. గుబురు మీసాలు, నిండు విగ్రహం. కుర్చీలో కూర్చోగానే డాక్టరు అతని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

"ఇవెందుకు సార్?" అన్నాడు డ్రైవరు.

"వినండి. జన్మ ధన్యమైపోతుంది. మూడో పాట దాకా ఓపిక పట్టండి" అంటూ ఫోనులో పాట నొక్కాడు డాక్టరు. డ్రైవరు ఇంకో మాట అనేలోపు అతని నోట్లో దూది పెట్టేశాడు.

ఇప్పుడు ఫోను సంగతి చెప్పాలి. అది పాత స్నేహాలను మరచిపోయే రకం కాదు. కొత్త హెడ్‌ఫోన్లను పక్కనపెట్టి, తాళం వేసిన గదిలో ఛార్జింగులో ఉన్న స్పీకర్లను వెతుక్కుంటూ వెళ్ళి కలిసింది. బ్లూటూత్ అని పేరులోనే పన్ను పెట్టుకున్న వస్తువు పళ్ళ డాక్టరునే మోసం చేసింది. సామాన్ల గదికీ, పేషెంట్లు కూర్చునే హాలుకీ మధ్య ఉన్నది ఒక్క పలచటి గోడ.

లోపల మిషను గుర్రుమంటోంది. నర్సమ్మ పట్టుకున్న గొట్టం ఉమ్ము పీలుస్తూ బుస్సుమంటోంది. ఆ రొదలో డాక్టరుకు బయటి సంగతులేవీ వినపడవు. కానీ పాట అతనికి కంఠతా వచ్చు. ఎక్కడ డోలు మొదలవుతుందో, ఎక్కడ గిటారు అందుకుంటుందో లెక్క వేసుకుంటూ కాలితో తాళం వేస్తున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు ఆత్రంగా.

డ్రైవరుకు హెడ్‌ఫోన్ల మూలంగా మాట వినపడలేదు. నొప్పిగా ఉందా అని అడుగుతున్నాడనుకుని, లేదన్నట్టు బొటనవేలు పైకెత్తాడు.

"ఇంకా పెంచమంటున్నాడు నర్సమ్మా! చూశావా, రసికుడు!" అని డాక్టరు ఫోనులో సౌండు పెంచాడు.

బయట హాల్లో బుగ్గ వాచిన దర్జీ ఒకడూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల టీచరమ్మా కూర్చుని ఉన్నారు. ముందుగా గోడ అవతల ధన్, ధన్ అని చప్పుడు మొదలైంది.

"ఏంటండీ అది?" అంది టీచరమ్మ.

"సుత్తిలా ఉందమ్మా" అన్నాడు దర్జీ.

తర్వాత గిటారు గీపెట్టింది. దర్జీ బుగ్గ మీది చెయ్యి తీసి కుర్చీ పట్టుకున్నాడు. "అది రంపం" అన్నాడు. బట్టలు కత్తిరించేవాడు కాబట్టి పనిముట్ల విషయంలో అతని మాట టీచరమ్మ నమ్మింది.

లోపల డ్రైవరు రెండోసారి బొటనవేలు ఎత్తాడు. డాక్టరు ఆనందంతో మళ్ళీ సౌండు పెంచాడు. మూడో పాట వచ్చింది. గోడ అవతలినుంచి ఒక ఆడగొంతు సన్నగా మొదలై, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా పైకి లేచింది.

"లోపలికి వెళ్ళింది మీసాలాయన కదా? ఆడగొంతేంటి?" అంది టీచరమ్మ పేపర్లు గుండెకు హత్తుకుని.

"పన్ను పీకుతుంటే ఎవరి గొంతు ఎవరిదమ్మా!"

అప్పుడు కరెంటొచ్చింది. అంటే, పాటలో వచ్చింది. వందల గొంతులు ఒక్కసారిగా కేకలు పెట్టాయి.

"అయ్యబాబోయ్! అంతమంది ఎక్కడినుంచి వచ్చారండీ?"

"పళ్ళు పీకించుకున్నవాళ్ళందరినీ వెనక గదిలో పడేస్తున్నట్టున్నాడు" అన్నాడు దర్జీ. అతని మొహం తెల్లగా పాలిపోయింది.

కేకల వెనకే చప్పట్లు వినిపించాయి. చప్పట్ల వెనకే ఈలలు. ఆ ఈలలకు టీచరమ్మ తట్టుకోలేకపోయింది. ఏడిస్తే అర్థముంది కానీ, ఈ ఘోరం చూసి ఈల వేసేవాళ్ళున్న చోట ఇక ఒక్క క్షణం ఉండకూడదని లేచింది. దర్జీ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. వాచిన బుగ్గ ఎటు పోయిందో తెలియదు, ఒక చెప్పు మాత్రం పైనే ఉండిపోయింది.

మెట్లు దిగేసరికి ఆ కబురులో ఒక పన్ను. మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి నాలుగు పళ్ళు. వీధి మలుపు చేరేసరికి మత్తుమందు లేకుండా రెండు వరసలూ పీకేశారు. "నేను ముందే అనుకున్నాను. చీటీల మీద పిచ్చిరాతలు రాసేవాడు ఏదో ఒకరోజు ఇంత పని చేస్తాడని" అన్నాడు షాపాయన, షట్టరు సగానికి దించుతూ. దారినపోయేవాళ్ళు ఆగారు. ఆగినవాళ్ళను చూసి ఇంకొందరు ఆగారు. అందరూ మెడలు పైకెత్తి క్లినిక్కు కిటికీ వైపు చూస్తుండగా, కారు వచ్చి ఆగింది.

కారులోంచి డాక్టరు భార్య దిగింది. ఆవిడ వెనక వాళ్ళ నాన్న దిగారు. ఆయన రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు ఆయన దగ్గితే లాకప్పులో దొంగలు నిజం చెప్పేవారట. అలాంటి మనిషి దవడ పన్ను సలుపుతుంటే ఆరు నెలలుగా లవంగం నములుతూ, పళ్ళ కుర్చీ పేరెత్తితే మాట మార్చేస్తున్నారు.

"సార్! మీరు పోలీసు కదా! పైన మనుషుల్ని చంపేస్తున్నారు, మీరే కాపాడాలి!" అని జనం చుట్టుముట్టారు.

పైనుంచి ఆ ఆడగొంతు మళ్ళీ వినపడింది. డాక్టరు మూడో పాటను మొదటినుంచి పెట్టాడు.

"నేను రిటైరయ్యాను" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఇంటి గోడ మీదినుంచి పదేళ్ళుగా 'రిటైర్డ్' అన్న మాట లేని నేమ్‌ప్లేటు తీయనివ్వని మనిషి, ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

కూతురు మాత్రం ఆ గొంతును గుర్తుపట్టింది. మూడు రోజులుగా దాంతోనే అన్నం తింటోంది మరి. పళ్ళు పటపట కొరుకుతూ మెట్లెక్కింది. జనం ముందు వెనక్కి తగ్గలేక ఇన్‌స్పెక్టరు గారూ ఎక్కారు. వాళ్ళ వెనక జనమూ ఎక్కారు. ఆవిడ సామాన్ల గది తాళం తీయగానే పాట మొహం మీద కొట్టింది. ఒక్క గుంజు గుంజి ప్లగ్గు పీకేసింది. పాట ఆగలేదు. రాత్రంతా ఛార్జింగు ఎక్కిన స్పీకర్లు మరి, అదీ భర్త బతిమాలగా తను దయతలచి వదిలిన ఛార్జింగు.

అదే సమయానికి లోపలి గది తలుపు తెరుచుకుని డ్రైవరు బయటికి వచ్చాడు. మూతి ఒక పక్కకు జారింది, నోట్లోంచి ఎర్రటి దూది కనిపిస్తోంది. జనం హాహాకారాలు చేశారు. మాట పెగలక అతను బొటనవేలు ఎత్తాడు.

"చూశావా నర్సమ్మా! ఎంత ఎమోషనల్ అయ్యాడో!" అంటూ వెనకే వచ్చిన డాక్టరు, స్పీకర్లనూ, జనాన్నీ, భార్యనూ వరసగా చూసి చేతిలోని ఫోను వెనక్కి దాచుకున్నాడు.

"పాట ఎలా ఉందయ్యా?" అని ఆవిడే డ్రైవరు చెవి మీది హెడ్‌ఫోను పక్కకు జరిపి అడిగింది.

డ్రైవరు హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "పాటెక్కడిదమ్మా? చెవులు మాత్రం వెచ్చగా ఉన్నాయి" అన్నాడు ముద్దముద్దగా.

సంగతి అర్థమై జనం పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఫోను లాక్కుని పాట ఆపేసింది. "ఒకరు కాదు, ఇద్దరు దిగి పారిపోయారు. సాయంత్రం మా తమ్ముడొస్తాడు, స్పీకర్లు అట్టపెట్టెలో సర్దండి. ముందు నాన్న పన్ను చూడండి" అంది. డాక్టరుకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ గొంతు ఇక బావమరిది గోడకు వేలాడుతుంది. వాడు దాంతో క్రికెట్టు కామెంటరీ వింటాడు.

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. తలుపు వేశారు. బయట జనం కదల్లేదు. ఇంత పెద్ద పోలీసాయన పన్ను పీకించుకోవడం ఎలా ఉంటుందో చూడాలని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ నిశ్శబ్దం లోపలి దాకా వచ్చింది.

"అల్లుడూ" అన్నారాయన మెల్లగా, డాక్టరు చెయ్యి పట్టుకుని. "బయట ఎంతమంది ఉన్నారు?"

"వీధి వీధంతా ఉంది మామయ్యగారూ."

"ఒకవేళ... అంటే మాటవరసకే... ఇక్కడెవరైనా అరిస్తే బయటికి వినపడుతుందా?"

"తలుపు పలచనిదండీ. మత్తు ఇస్తాను కదా, నొప్పి ఉండదు."

"సూది గుచ్చడానికి మత్తు ఇస్తావా?" అన్నారాయన. నుదుటి మీద చెమట పట్టింది. అది తుడుచుకుంటూ, "ఆ అమ్మాయి అరిచిందే... అది ఎంతసేపుంటుంది?" అన్నారు.

డాక్టరు ముఖం వెలిగిపోయింది. "అరనిమిషం పైనేనండీ! ఆ పైన జనం గోల ఇంకో నిమిషం!"

"చాలు. పెట్టు."

"మీ అమ్మాయి..."

ఇన్‌స్పెక్టరు గారు లేచి తలుపు తీశారు. పాత పోలీసు గొంతు తిరిగొచ్చింది. "అమ్మాయీ! ఆ స్పీకర్లు రెండూ లోపలికి పంపు. పాటను సగంలో ఆపేయడం కళాకారులను అవమానించడం!"

పాట మొదలైంది. సూది సిద్ధమైంది. డాక్టరు చెయ్యెత్తి, ఆ స్వరం కోసం కాచుకుని, అది లేవగానే గుచ్చాడు. బయట, జనంతోపాటు తిరిగొచ్చిన దర్జీ చెవులు రిక్కించాడు.

"ఈసారి మగగొంతు కూడా కలిసినట్టుందే?"

కూతురు పైకప్పు వైపు చూస్తూ, "కోరస్ అండీ" అంది.

పన్ను పీకేటప్పుడు ఆ పాటనే ఇంకోసారి వేశారు. పాటలో జనం చప్పట్లు కొట్టారు, హాల్లో జనమూ కొట్టారు. ఇన్‌స్పెక్టరు గారు మీసం సవరించుకుంటూ బయటికి వచ్చి, దూది నోటితోనే "అసలు తెలియనే లేదు" అని అందరికీ ప్రకటించారు. పేపర్లు పట్టుకుని వెనక్కి వచ్చిన టీచరమ్మ బల్ల దగ్గరికి నడిచి, "నాకు కూడా ఆ పాటే పెడతారాండీ?" అని గుసగుసగా అడిగింది. ఆవిడ వెనక దర్జీ నిలబడ్డాడు. దర్జీ వెనక, షట్టరు పూర్తిగా దించి వచ్చిన మందుల షాపాయన నిలబడ్డాడు. సాయంత్రం అట్టపెట్టె కోసం వచ్చిన తమ్ముణ్ణి అక్క గుమ్మంలోంచే పంపేసింది.

ఇప్పుడా క్లినిక్కులో స్పీకర్లు కుర్చీకి చెరో పక్కనా ఉన్నాయి. సౌండు తగ్గించమని అడిగే నాథుడు లేడు. ఆరు నెలలు దాచుకున్న నొప్పులన్నీ తెచ్చి, పాట అందుకోగానే జనం మనసారా అరిచి వెళ్తున్నారు. డాక్టరుకు మిగిలిన బాధ ఒక్కటే, వాళ్ళ కేకల్లో పాట వినపడటం లేదు.