జవ్వాదిరావు అయిదు చుక్కలు

ఒక పెద్ద అడవిలో ఉన్నట్టుండి అందరికీ ఫాంటసీ పుస్తకాల పిచ్చి పట్టుకుంది. మనకి ఫాంటసీ అంటే మాట్లాడే నక్కలూ, కొలువుతీరే సింహాలూ. వాటికి అవి ఇంటి సంగతులే కదా! అందుకని అక్కడ ఫాంటసీ అంటే మనుషుల కథలు. మనిషి మొక్క నాటినట్టూ, కుందేలు వస్తే పక్కకి తప్పుకున్నట్టూ, అన్న మాట మీద నిలబడ్డట్టూ రాస్తే చాలు, "అబ్బ, ఏం ఊహ!" అని మురిసిపోయేవి.

ఆ పుస్తకాల మంచిచెడ్డలు తేల్చేది పునుగుపిల్లి జవ్వాదిరావు. సెల్ టవర్ అడవి అంచునే ఉండడంతో అతగాడు ఒక బ్లాగు పెట్టుకున్నాడు. నక్షత్రాల బదులు పునుగు చుక్కలు ఇచ్చేవాడు. అట్ట మీద తన తైలం అయిదు చుక్కలు పూశాడంటే ఆ పుస్తకం కోసం కోతులు జుట్లు పట్టుకునేవి. ఘుమఘుమలాడితే చాలు, లోపల ఏముందో ఎవడిక్కావాలి!

అసలు సంగతేమిటంటే జవ్వాదిరావు పుస్తకాలు చదవడు. మొదటి పేజీ చూస్తాడు, వెనక అట్ట చూస్తాడు, ఓసారి ముక్కుకి ఆనించుకుంటాడు. అంతటితో సరి. మరి ఎవరైనా "చివరికి ఏమైందండీ?" అని అడిగితే? ఆ గండం గట్టెక్కడానికే బ్లాగు పైన ఒక శాసనం రాసిపెట్టాడు: "ముగింపు చెప్పడం మహాపాపం. చెప్పినవాళ్ళు వెలి." అడవంతా ఆ శాసనాన్ని నెత్తిన పెట్టుకుంది. చదవనివాళ్ళందరికీ అది ఎంత సుఖంగా ఉందో చెప్పలేం.

ఆ మధ్య అతని మీద గుసగుసలు బయల్దేరాయి. పుస్తకాలు అచ్చువేసే ఎలుగుబంటి నుంచి తేనెపట్టు అందనిదే జవ్వాదిరావు తోక ఎత్తడని. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి అతనికి ముద్ద దిగలేదు. పరువు పోయాక పునుగుకి విలువేముంది? ఎవరో అనామకుల పుస్తకం ఒకటి ఆకాశానికెత్తి, చూశారా నా నిజాయితీ అనిపించుకోవాలని కాచుక్కూచున్నాడు. సరిగ్గా అప్పుడే తీతువుపిట్ట పుస్తకం పట్టుకొచ్చింది.

తీతువు సంగతి తెలిసిందే. అది అరిస్తే కీడంటారు.

"అయ్యగారూ, వాగొడ్డున మనుషులు తిరుగుతున్నారండీ. చెట్లకి ఎర్రగీతలు గీస్తున్నారు. నేను అరిస్తే అపశకునమని తరుముతున్నారు. అందుకని పుస్తకం రాశాను. పేరు 'ఎర్రగీతలు'. మీరు ముందు చివరి పేజీ చదవండి" అంది.

జవ్వాదిరావు చెవులు మూసుకున్నాడు. "చివరి పేజీ ముందా! శాంతం పాపం! ఏమ్మా, సాహిత్యం అంటే తెలుసా నీకు?"

"నాకెందుకండీ సాహిత్యం? కళ్ళతో చూసింది రాశాను."

"రచయితలంతా అనేది అదేలే. ఇందులో మనుషులున్నారా?"

"ఉన్నారు."

"అయితే ఫాంటసీయే. ఇక వెళ్ళిరా."

తీతువు కదల్లేదు. "వాగొడ్డున గుడ్లు పెట్టుకున్నానయ్యా. నా ఒక్కదాని గోడు కాదు, అందరి గూళ్ళూ పోతాయి. ఆ ఒక్క పేజీ చూడండి, మీకు పుణ్యం ఉంటుంది."

"సరే, చూస్తాన్లే!"

అది వెళ్ళాక జవ్వాదిరావు మొదటి పేజీ తిప్పాడు. ఒక మనిషి ఎర్రరంగులో కుంచె ముంచి మద్దిచెట్టు మొదట్లో అద్దుతున్నాడు. ఓహో, మనిషి చెట్టుకి బొట్టు పెడుతున్నాడన్నమాట! ఇంకేం కావాలి? పుస్తకం మూసేసి సమీక్ష అందుకున్నాడు. "మనిషి చెట్టుకి బొట్టు పెట్టి కొలిచే లోకం! ఇంత కమ్మని కల మన భాషలో రాలేదు. ముగింపు చెప్పను గానీ, అది చదివాక మీరు మునుపటిలా ఉండలేరు." కింద అయిదు చుక్కలు.

ఇక చూడండి, అడవి అడవంతా ఊగిపోయింది. పుస్తకాలు పండగపూట పకోడీల్లా చెల్లిపోయాయి. కొన్నవాళ్ళు మొహం పక్కన పెట్టుకుని ఫొటోలు దిగారు. చదివే తీరిక మాత్రం ఎవరికుంది?

"కళ్ళనీళ్ళు ఆగలేదు సార్" అంటూ జవ్వాదిరావు దగ్గర తొండ తలూపింది. అడవిలో తలూపడమే దాని ఉద్యోగం.

"ఎంతవరకు చదివావు?"

"మీ సమీక్ష ఆఖరిదాకా సార్!"

ఆ తొండే మరో ముచ్చట మొదలెట్టింది. ఎర్రటి జేగురుమన్ను కలిపి తన చెట్టుకీ ఎర్రగీత గీసుకుని ఆ ఫొటో పెట్టింది. దాంతో పోటీలు పడి ఉడుతలూ, కోతులూ, గుడ్లగూబలూ ఎవరి చెట్టుకి వాళ్ళు బొట్టు పెట్టుకున్నారు. జవ్వాదిరావు ఇల్లు వాగుకి ఎంతో దూరాన, కొండ నెత్తి మీద ముత్తాతల నాటి మద్దిచెట్టు తొర్రలో ఉంది. అక్కడికి మనిషన్నవాడు వచ్చిన పాపాన పోలేదు. అయినా సమీక్షకుడు వెనకబడితే ఎలా? అందరికంటే లావుపాటి గీత, పూత మీద పూత వేసి మరీ గీశాడు.

తీతువుకి సన్మానసభ పెట్టారు. రెండో ముద్రణ తనే వేసిన ఎలుగుబంటి అధ్యక్షత వహించింది. శాలువా రాకముందే తీతువు మైకు అందుకుంది.

"సన్మానాలు తర్వాత చేద్దురుగాని! ముందా గీతలు గీసుకోవడం ఆపండి. చివరి పేజీలో నేనేం రాశానంటే..."

"అయ్యో, ముగింపు చెప్పేస్తోంది!" అని కోతులు గోల పెట్టాయి. "మేమింకా చదవలేదు! ముయ్యండి దాని నోరు!"

ఈ పిట్ట గొంతులో నిజంగానే ఏదో భయం ఉందని జవ్వాదిరావుకి తెలుస్తూనే ఉంది. కానీ ముగింపు బయటపడిందంటే, కమ్మని కల అని రాసిన తన బతుకేం కాను? ఒక్క గెంతులో వేదిక ఎక్కి, శాలువా తీతువు ముక్కు చుట్టూ రెండు చుట్లు తిప్పాడు.

"ఆనందంతో రచయిత్రి గారికి నోట మాట రావడం లేదు" అని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆ వెంటనే శాసనం ప్రకారం తీతువుని వెలివేశారు.

మరుసటి వారం రంపాలు వచ్చాయి. వాగొడ్డున మొదలెట్టినవాళ్ళు తలెత్తి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. కొండ పైదాకా ఎర్రగీతలే.

"ఇవన్నీ కూడా మనకే రాశారా? కానివ్వండి మరి!" అన్నాడు కాంట్రాక్టరు.

రంపం చప్పుడు కొండెక్కడం జవ్వాదిరావు విన్నాడు. పారిపోయే దారి ఏదైనా రాసిందేమోనని పుస్తకం లాగి, జన్మలో మొదటిసారి చివరి పేజీ తిప్పాడు. అక్కడ ఇలా ఉంది: "గీత ఉన్న చెట్టునే కొడుతున్నారు. లేనిదాని జోలికి రావడం లేదు. మీ చెట్టు మీద గీత ఉంటే గోళ్ళతో గీకెయ్యండి. అంతే."

ఓరి దేవుడా, ఇంతేనా! తొర్రలోంచి దూకి గీకడం మొదలుపెట్టాడు. పూత మీద పూత వేసిన జేగురు, బెరడు లోపలికి ఇంకిపోయింది. గోళ్ళు విరిగి నెత్తురొచ్చింది. ఆ నెత్తురంటి గీత మరింత ఎర్రబడింది. ఈలోగా రంపం రానే వచ్చింది. ముత్తాతల చెట్టు అతని కళ్ళముందే కూలింది.

చివరికి వాగొడ్డున నాలుగు తుమ్మచెట్లు మిగిలాయి. తీతువు ముక్కుతో గీతలు గీకేసిన చెట్లవి. వాటి నీడలో దాని గుడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. గూళ్ళు పోయినవాళ్ళంతా అక్కడికి చేరి దాన్ని చూసి పళ్ళు నూరారు. "చూశారా, దీని చెట్లే మిగిలాయి! పాడు నోరు, ఇదంతా దీని చలవే!"

తొండ తలూపుతూ ముందుకొచ్చింది. "మన సార్‌ని చూడండి! ముగింపు ముందే తెలుసు. అయినా సొంత ఇల్లు కూలుతున్నా పెదవి విప్పలేదు. నియమం అంటే అదీ!"

అందరికీ కళ్ళు చెమర్చాయి. జవ్వాదిరావు విరిగిన గోళ్ళు తోక కింద దాచుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఏదో, నా ధర్మం నేను పాటించాను" అన్నాడు.

నీతి: చదవకుండా మెచ్చుకున్నవాడికి ఇల్లు పోయినా పేరు పోదు, చూసి చెప్పినవాడికి ఇల్లు మిగిలినా ఊరు మిగలదు.