టిక్కీ సహా వీపు

మంగళవారం పదకొండున్నరకి బత్తుల నాసరయ్యకి వీపు లేదని జిల్లా నిలువుబొమ్మల కార్యాలయం తేల్చింది. తేల్చి ఊరుకోలేదు. ఆ సంగతి కాయితం మీద రాసి, గుండ్రటి ముద్ర కొట్టి, ఒక ప్రతి అతని చేతికిచ్చి, అందినట్టు వేలిముద్ర కూడా వేయించుకుంది. నాసరయ్య మిర్చి యార్డులో హమాలీ. ముప్పై ఏళ్లుగా వీపు మీద టిక్కీలు మోసి బతుకుతున్న మనిషి. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోనె మూట, నలభై కిలోల పైచిలుకు తూగుతుంది. కాయితంలో ఏముందో పక్కవాళ్ల చేత చదివించుకుని అతను కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దేంతో ఆనుకున్నాడని ఎవరూ అడగలేదు.

నిలువుబొమ్మ అంటే తెలియనివాళ్లు ఇప్పుడెవరూ లేరు గానీ, ఇంకోసారి చెప్పుకుంటే పోయేదేం లేదు. ఒక మనిషిని ఎడమ నుంచి కుడికి వరసగా తీసిన మామూలు ఫొటోలు తీసుకుంటారు. ఒక్కో ఫొటోని దారప్పోగంత సన్నటి చీలికలు చేసి, అన్నిటినీ ఒకే ఫిల్ము మీద పక్కపక్కన ముద్రిస్తారు. దానికి లైటు పెడితే మీ కుడి కంటికి ఒక ఫొటో, ఎడమ కంటికి ఇంకో ఫొటో కనబడి, మనిషి లేచి గాల్లో నిలబడతాడు. చుట్టూ తిరిగి చూసుకోవచ్చు. హోలోగ్రామ్ అని దీనికి అసలు పేరు. ఈ బొమ్మలో ఏముంటే మనిషికి అది ఉన్నట్టు, లేనిది లేనట్టు. కొత్తగా ఫొటోలు దిగి తెస్తే ఒప్పుకోరు. అలా ఒప్పుకుంటే ప్రతివాడూ తనకి నచ్చినట్టు తయారై వస్తాడని సర్కారు భయం. ఇదివరకే సర్కారు రికార్డులో ఉన్న ఫొటోలే పనికొస్తాయి.

నాసరయ్యవి రికార్డులో పందొమ్మిది ఉన్నాయి. రేషన్ కార్డుది, ఓటు కార్డుది, బ్యాంకు పుస్తకానిది, యార్డు వాళ్లు మూడేళ్లకోసారి ఇచ్చే లైసెన్సు బిళ్ళలవి. అన్నీ ఎదురుగా దిగినవే. గడ్డం పైకెత్తు, నవ్వొద్దు అన్నారు. ఎత్తాడు, నవ్వలేదు. ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు కూడా వెనక్కి తిరగమని అడిగిన పాపాన పోలేదు. ఛాతీ కిందిభాగం కూడా వాటిల్లో లేదనుకోండి. కానీ అది ప్రజలందరికీ ఉన్నట్టే భావించాలని ఒక ఉత్తర్వు ఉంది. వీపు గురించి ఉత్తర్వు లేదు.

బొమ్మలు కట్టే షేక్ బాజీ మంచి పనివాడు. ఉన్న పందొమ్మిదినీ సంవత్సరాల వరసలో పేర్చి కట్టాడు. అందుకని ఎడమ చివర నిలబడి చూస్తే నాసరయ్యకి ఇరవై రెండేళ్లు, ఒత్తు మీసం. నాలుగడుగులు కుడికి వేస్తే యాభై నాలుగు, బట్టతల. నడిమధ్యలో ఆగితే రెండు మొహాలు కలగలిసి ఎవరో పోలిక తెలియని చుట్టంలా ఉన్నాడు. వెనక్కి వెళ్తే మాత్రం గోడ మీది క్యాలెండరు కనబడుతోంది.

"వీపు లేకపోతే ముప్పై ఏళ్లు టిక్కీలు దేని మీద మోశానమ్మా?" అన్నాడు నాసరయ్య.

"అది నువ్వే చెప్పాలి" అంది సూపరింటెండెంటు హైమవతి. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది.

నాసరయ్య చొక్కా విప్పి వెనక్కి తిరిగాడు. గుమాస్తాలు కుర్చీల్లోంచి లేచి మరీ చూశారు. తలుపు చెక్కంత వీపు, మెడ కింద కాయలు కాసి నల్లబడి ఉంది.

"వీపు బాగుంది, కాదనట్లేదు" అంది హైమవతి. "నీదే అని రుజువేంటి?"

"నాకే అంటుకుని ఉంది గదమ్మా!"

"నువ్వెప్పుడైనా చూశావా?"

నాసరయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. తల గోక్కుని, చాలాసేపు గుర్తు చేసుకుని, లేదన్నాడు. దరఖాస్తుదారు సైతం చూసి ఎరుగడు అని ఆవిడ ఫైల్లో రాసుకుంది. హమాలీ బిళ్ళకి ఇప్పుడు నిలువుబొమ్మే ఆధారం. శనివారంలోగా వీపు రుజువు కాకపోతే బిళ్ళ రద్దు. బిళ్ళ లేనివాణ్ణి యార్డు గేటు దాటనివ్వరు. మిర్చి సీజను, లారీలు బారులు తీరి ఉన్నాయి. ఏడాది మొత్తానికి ఆ రెండు నెలల పనే వాళ్లింట్లో పొయ్యి వెలిగించేది. వేరే పని అతనికి రాదు.

మర్నాడు భార్య సైదమ్మ వచ్చింది. చేతిలో సంచి, నోట్లో తిట్లు. "నేను చూశానమ్మా ఆ వీపు! ముప్పై ఏళ్లుగా కొబ్బరి పీచెట్టి రుద్దేది నేనే. రుద్ది రుద్ది నా చేతులు అరిగిపోయినయ్. లేదంటానికి మీకు నోరెట్లా వచ్చింది?"

"భార్య సాక్ష్యం చెల్లదమ్మా" అంది హైమవతి. "వీపు ఉంటే లాభం నీక్కూడా."

సైదమ్మ ఇంకో నాలుగు మాటలు అందామని పక్కకి తిరిగి, బొమ్మని ఎడమ చివర నుంచి చూసింది. ఇరవై రెండేళ్ల నాసరయ్య గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఆవిడ పైట సర్దుకుని, "సచ్చినోడు, ఎంత బాగున్నాడో" అని గొణుక్కుంది. కొంచెంసేపు కుడివైపుకి జరగలేదు. తిట్టాల్సిన తిట్లు మర్చిపోయింది కూడా.

దారి చూపించింది మళ్లీ ఆవిడే. పదకొండేళ్ల కింద యార్డులో కొత్త కాటా ప్రారంభించిన రోజు, పెద్దాయన ఎవరో రిబ్బను కత్తిరిస్తుంటే, నాసరయ్య మూటతో కెమెరాకి అడ్డంగా నడిచిపోయాడట. అందరూ కలిసి నానా తిట్లూ తిట్టారట. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం ముట్టలేదని ఆవిడకి గుర్తు. బాజీ పాత రికార్డు పెట్టెలన్నీ వెతికి ఆ ఫొటోలు బయటికి తీశాడు. ఒకటి కాదు, ఏడు. వీడెప్పుడు తప్పుకుంటాడా అని ఫొటోగ్రాఫరు కంగారులో వరసగా నొక్కేశాడు. నడుస్తున్న మనిషి కాబట్టి ఏడింటిలోనూ ఏడు కోణాలు. నిలువుబొమ్మకి అంతకన్నా ఏం కావాలి! ప్రతిదాని వెనకా ఎర్ర ఇంకుతో "హమాలీ అడ్డొచ్చాడు, వాడరాదు" అని రాసి ఉంది.

ఆ హమాలీ ఇతనే అని ఏంటి నమ్మకం అంది హైమవతి. సైదమ్మ సంచిలోంచి ఒక పాత చొక్కా తీసి బల్ల మీద పరిచింది. భుజం దగ్గర పచ్చ పువ్వుల మాసిక. ఫొటోలో చొక్కాకీ అదే మాసిక. ఆవిడ తన జాకెట్టు ముక్కతో వేసిందే. చొక్కాకి నాసరయ్యతో బంధుత్వం లేదు కాబట్టి దాని సాక్ష్యం చెల్లింది.

శుక్రవారం సాయంత్రానికి కొత్త బొమ్మ నిలబడింది. ముందు పందొమ్మిది, వెనక ఏడు. వెనక్కి వెళ్లి చూస్తే క్యాలెండరు కనబడలేదు. వీపు వచ్చింది. దాని మీద టిక్కీ ఉంది. సైదమ్మ చప్పట్లు కొట్టి, అంతలోనే ఆపేసింది.

"ఆ మూట తీసెయ్ బాబూ" అంది బాజీతో.

"తీసి చూశానక్కా. మూట కింద ఫొటోలో ఏం లేదు. అది పోతే వీపూ పోతుంది."

హైమవతి ధ్రువపత్రంలో "వీపు కలదు (టిక్కీ సహా)" అని రాసింది. మనిషి ఎప్పుడూ తన బొమ్మలాగే ఉండాలన్నది మొదటి నిబంధన. కాబట్టి దించకూడదు. పోనీ ఊక నింపుకోవచ్చా అని సైదమ్మ అడిగింది. హైమవతి ఫొటోలు ఏడూ మళ్లీ దగ్గరికి తీసుకుని చూసింది.

"నడుం ఎంత వంగి ఉందో చూడు. ఊకకి అంత వంగదు" అంది.

నాసరయ్య బిళ్ళ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. శనివారం గేటు దగ్గర కాపలావాడు బొమ్మతో పోల్చి చూసి, సెల్యూట్ లాంటిది ఒకటి కొట్టి లోపలికి పంపించాడు. ఆ రోజు నుంచీ అతను ఒక టిక్కీ ఉండగానే, దాని మీద ఇంకోటి ఎత్తించుకుని లారీ ఎక్కిస్తున్నాడు. మొదటిది శరీరంలో భాగం, పని కిందకి రాదు. ఇంట్లో బోర్లా పడుకుంటాడు. మిరప ఘాటుకి వీధి వీధంతా తుమ్ముతోంది. సైదమ్మ సాయంత్రం పూట పీచు పెట్టి గోనెని రుద్దుతోంది. మిగతా హమాలీలు తాము ఏ ఫొటోకైనా అడ్డొచ్చామా అని బాజీ దగ్గర బారులు తీరారు. అడ్డురాకుండా తప్పుకున్న మంచివాళ్లందరికీ బిళ్ళలు పోయాయి.

మూడు నెలలకి హైమవతి తనిఖీకి ఇంటికే వచ్చింది. టిక్కీ చుట్టూ తిరిగి చూసింది, కుట్లు సరిచూసింది. ఆవిడ కఠినురాలేం కాదు. కాయితాలు మూస్తూ అడిగింది.

"ఇలా ఉండటం కష్టంగా ఉందా నాసరయ్యా? ఉంటే చెప్పు, రాస్తాను."

నాసరయ్య ఎప్పట్లాగే నిజం చెప్పడానికి చాలాసేపు ఆలోచించాడు.

"లేదమ్మా. మునుపటికీ ఇప్పటికీ తేడా ఏం తెలీట్లేదు."

ఆవిడ ఆ మాటే రాసుకుని, కింద వేలిముద్ర వెయ్యమంది. అతను బల్ల మీదికి వంగాడు. టిక్కీ జారిపోకుండా సైదమ్మ వెనక నుంచి పట్టుకుంది.