మొద్దు జాగ్రత్త

ఆ ఆదివారం పొద్దున డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గాలివానకు పడిపోయిన పెరటిచెట్టు దుంగల్ని చలి ముదరకముందే కట్టెలుగా చీల్చాలి. చీల్చడానికి అక్కాబావా వస్తున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పని అయిపోవాలి. ఈ గొడవలో నాన్న మొద్దు మీద మాత్రం ఈగ వాలకూడదు.

నాన్న మొద్దంటే షెడ్డు పక్కన టార్పాలిన్ కప్పుకుని కూర్చున్న పాత దుంగ. బతికుండగా నాన్న దాని మీదే కట్టెలు కొట్టేవాడు, దాని మీదే కూర్చుని బూట్ల లేసులు కట్టుకునేవాడు, ఆదివారాలు కొడుకుని దాని మీదే కూర్చోబెట్టి జుట్టు కత్తిరించేవాడు. మెడ చుట్టూ తువ్వాలు, చెవి వెనక చల్లటి కత్తెర, నాన్న చేతుల సబ్బు వాసన. ఇప్పటికీ ఏ సెలూన్లో కూర్చున్నా మాస్టారికి ఆ పెరడే గుర్తొస్తుంది. కత్తెర ఆడుతున్నంతసేపూ నాన్న "కదలకు మొద్దూ, కదలకు" అంటూ ఉండేవాడు. ఆ దుంగ అడుగు సాపుగా లేదు మరి, ఊపిరి గట్టిగా పీల్చినా ఊగేది.

నాన్న ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. మొద్దు దగ్గర మాత్రం ఎక్కడ లేని ఆపేక్షా ఒలకబోసేవాడు. ఓసారి ఉన్నట్టుండి వానొస్తే వసారాలో నిలబడి, "మొద్దు తడిసిపోతోంది, లోపలికి తీసుకురండి!" అని ఇల్లెగిరిపోయేలా కేకలేశాడు. ఆఖరికి ఆస్పత్రికి బయల్దేరిన రోజున కూడా గుమ్మంలో ఆగి అమ్మతో ఒకే ఒక్క మాట అన్నాడు. "మొద్దు జాగ్రత్త." ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు.

చిన్నప్పుడు ఆ మొద్దంటే మాస్టారికి లోపల్లోపల కుళ్ళుగా ఉండేది. నాన్న పోయాక ఆ కుళ్ళు కాస్తా భక్తిగా మారింది. టార్పాలిన్ కొన్నాడు. చెదపట్టకుండా ఏటా వార్నిష్ పూశాడు. బళ్ళో ఉండగా చినుకు పడితే చాలు, ఇంటికి ఫోను చేసి "మొద్దు మీద కప్పావా అమ్మా?" అని అడిగేవాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి, "కప్పాన్లేరా" అనేది.

బావకు మొక్కల నర్సరీ ఉంది. నర్సరీకో బుల్లి ట్రాక్టరుంది. ట్రాక్టరు వెనక తిరిగే ఇరుసుకు బిగించడానికి ఈమధ్యే ఓ ఇనుప స్క్రూ కొన్నాడు. పడుకోబెట్టిన బొంగరంలా ఉంటుంది, ఒంటినిండా మరలు. తిరిగే మొనకు దుంగను ఆనిస్తే అదే కొరుక్కుంటూ లోపలికి దూరి రెండుగా చీల్చేస్తుంది. దుంగకూ చొక్కాకూ తేడా దానికి తెలియదు కనుక బావ ముందుగా ఉపన్యాసం అందుకున్నాడు.

"వేలాడే బట్టలొద్దు. బావమరిదీ, ఆ మఫ్లర్ తియ్యి. అత్తయ్యగారూ, మీరు శాలువా లోపల పెట్టేసి రండి. ఏమోయ్, నువ్వు జుట్టు ముడెయ్యి. స్క్రూ తిరుగుతున్నంతసేపూ దాని దగ్గరికి ఎవరి చెయ్యీ వెళ్ళకూడదు. దుంగ కింది కొస నేలకి గట్టిగా ఆనాలి. ఆనకపోతే చీలదు, స్క్రూతోపాటు గిరగిరా తిరుగుతుంది. పక్కనున్నవాడికి పళ్ళు మిగలవు."

"తిరిగితే ఏం చెయ్యాలండీ?" అంది అక్క.

"అందుకే ఒక మనిషి తాళం మీద చెయ్యేసుకుని సీట్లో కూర్చోవాలి. ఏమాత్రం తేడా వచ్చినా తాళం తిప్పెయ్యడమే. ఇంజను ఆగిపోతుంది. ఇంతకంటే తేలిక పని లేదు. అది నువ్వు చూసుకో బావమరిదీ."

అందరికీ చెవుల్లో పెట్టుకోవడానికి దూది పంచాడు. ఈలోపల అక్క, చీలికలు పేర్చడానికి బావుంటుందని నాన్న మొద్దు మీది టార్పాలిన్ లాగేసి ట్రాక్టరు పక్కన పరిచింది. దాని తాడు రెండో కొస బట్టలారేసే తీగకు కట్టి ఉందని ఎవరూ చూడలేదు. బోసిగా నిలబడ్డ మొద్దు మాస్టారి కంట పడింది. జేబులోంచి ఎర్ర సుద్దముక్క తీసి దాని నెత్తిన పెద్ద ఇంటుమార్కు పెట్టాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంటుమార్కుకు ఆయనకు తెలిసిన అర్థం ఒకటే, కూడదు అని. బావ నర్సరీలో మాత్రం ఇంటుమార్కంటే, సరిగ్గా ఇక్కడే గొయ్యి తవ్వు అని.

ఇంజను మొదలైంది. దుంగలు ఒకదాని తర్వాత ఒకటి ఫెళ్ళుఫెళ్ళున విచ్చుకున్నాయి. పచ్చి చెక్క వాసన పెరడంతా నిండింది. కట్టెలు కొట్టి వచ్చిన నాన్న చొక్కా దగ్గర అచ్చం ఇదే వాసన ఉండేది. మాస్టారు సీట్లో కూర్చునే కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి వెనక్కి చూసేసరికి అక్కాబావా కలిసి నాన్న మొద్దుని దొర్లించుకొస్తున్నారు.

"అది కాదు! బావా, అది వద్దు! అది నాన్నది!"

దూది పెట్టుకున్న బావకు బావమరిది నోరు ఆడటం తప్ప ఇంకేం తెలియలేదు. పనిలో హుషారొచ్చింది కాబోలని బొటనవేలు చూపించాడు. మాస్టారు రెండు చేతులూ గుండెల మీద ఇంటుమార్కులా పెట్టి తల అడ్డంగా ఊపాడు. బావకు అర్థమైంది. సరిగ్గా ఇంటుమార్కు నడిమధ్యన మొన ఆనించాడు.

తాళం మాస్టారి మోకాలి ముందే ఉంది. తిప్పితే సరిపోయేది. ఆయన అది వదిలేసి సీట్లోంచి దూకాడు, పరుగున వచ్చి మొద్దుని వాటేసుకుని వెనక్కి లాగాడు. దాంతో మొద్దు కింది కొస నేల మీంచి లేచింది. బావ కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజకపోతే మాస్టారి పళ్ళు ఆ పూటే రాలిపోయేవి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గడ్డిలో పడ్డారు. మొద్దు గిరగిరా తిరగడం మొదలుపెట్టి టార్పాలిన్ అంచు అందుకుంది. టార్పాలిన్ తాడుని లాగింది, తాడు తీగని లాగింది. తీగ మీది దుప్పట్లూ తువ్వాళ్ళూ వరసగా బయల్దేరి మొద్దుకు చుట్టుకున్నాయి. సోమవారం బడికి వేసుకోవలసిన చొక్కా చేతులూపుకుంటూ వెళ్ళిపోయింది.

"తాళం! తాళం!" అని అక్క అరిచింది.

"ఏ తాళం?" అన్నాడు దూది ఊడిపోయిన మాస్టారు గడ్డిలోంచి, జేబులు తడుముకుంటూ.

కాఫీ పట్టుకొస్తున్న అమ్మ ట్రే గోడ మీద పెట్టింది. ట్రాక్టరు ముందువైపు నుంచి నిదానంగా చుట్టి వచ్చి తాళం తిప్పింది. పెరడు నిశ్శబ్దమైపోయింది.

స్క్రూ పూర్తిగా ఆగాక బావ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. నలుగురూ కలిసి బట్టలు ఒక్కొక్కటే విప్పారు. చివరగా టార్పాలిన్ ఊడిరాగానే, అంతవరకూ దాని బిగింపులో నిలిచి ఉన్న మొద్దు ఫట్టున రెండు ముక్కలై నేల మీద పడింది.

మాస్టారు అక్కడే కూలబడి ఒక ముక్కని ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నాన్న ఆఖరిగా కోరింది ఇదొక్కటే అమ్మా. అదీ చెయ్యలేకపోయాను."

"ఏం కోరారురా?"

"మొద్దు జాగ్రత్తన్నారుగా!"

అమ్మ అక్క వైపు చూసింది. అక్క మొహం పక్కకు తిప్పుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఈ కట్టెని జాగ్రత్తగా చూడమన్నారనుకున్నావా?" అంది అమ్మ. "నాన్న గుర్తుగా దాచుకుంటున్నావేమోలే అని ఊరుకున్నానురా ఇన్నాళ్ళూ."

"మరి వానొచ్చినప్పుడు మొద్దు తడిసిపోతోందని అంత గోల చేశారుగా?"

"ఆ వానలో పెరట్లో ఎవరున్నారు?"

"నేనే. కాగితప్పడవలు వదులుతున్నా."

"నేను పరిగెత్తుకొచ్చి ఎవర్ని లోపలికి లాక్కెళ్ళాను?"

"నన్ను."

"కట్టెని తెచ్చానా?"

"లేదు. హడావిడిలో దాన్ని మర్చిపోయావనుకున్నా."

అక్క ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "ఒరేయ్, నాన్న నిన్ను పేరుపెట్టి పిలవగా ఎప్పుడైనా విన్నావా? మొద్దు తిన్నాడా, మొద్దు పడుకున్నాడా, ఇదేగా రోజూ ఆయన గొడవ!"

బావ చెవుల్లోంచి దూది తీసుకుంటూ అన్నాడు. "తాళం ముందు పెట్టుకుని గొంతు చించుకున్నవాణ్ణి చూశాక, మామయ్యగారి మాట మీద నాకే అనుమానమూ లేదు."

మాస్టారి చెయ్యి తనంతట తనే చెవి వెనక్కి, ఒకప్పుడు కత్తెర ఆనిన చోటికి వెళ్ళింది. కదలకు మొద్దూ, కదలకు. కట్టెదనుకుని చిన్నప్పుడు అసూయపడ్డ ఆపేక్షంతా తనదే. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు.

అంతలో టపటపా చినుకులు మొదలయ్యాయి. అక్కాబావా చీలికల్ని షెడ్డులోకి మోయడానికి పరుగెత్తారు. మాస్టారు మాత్రం చెక్కముక్క ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"అమ్మా, మొద్దు తడిసిపోతోంది!" అని షెడ్డులోంచి అక్క కేకేసింది.

అమ్మ చిరిగిన టార్పాలిన్ తెచ్చి కొడుకు మీద కప్పింది.