మూసీ పిట్టకు మంత్రిగారి అభయం

"ఇకనుంచి మూసీ పిట్ట ఈక కూడా రాలనివ్వను" అని మంత్రి బాబురావుగారు ప్రకటించారు. ఈ డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో అంత ధైర్యంగా మాట్లాడినవారు నాకు తెలిసి ఇంకొకరు లేరు.

ఏటా చలికాలంలో మంచుదేశాల నుంచి వచ్చి, పురానాపూల్ వంతెన కింద జమ్ముగడ్డిలో దాక్కుని పాడే వేలెడంత పిట్ట అది. మన దేశంలో ఇంకెక్కడా దొరకదని పేపర్లో పడింది. నేను బేగంబజార్ గిన్నెల దుకాణంలో గుమాస్తాను. పిట్టను ఎప్పుడూ చూడలేదు గానీ, మంత్రిగారిని రెండుసార్లు చూశాను.

సంరక్షణ మర్నాడే మొదలైంది. జమ్ము కోసి చాపలల్లుకునే ముసలి కాశమ్మను, ఇకమీదట జమ్ము ముట్టుకోవద్దన్నారు. తర్వాత మంత్రిగారి శాఖవారే వచ్చి జమ్మంతా కోశారు.

"గదేంది సారూ, ఇగ పిట్ట ఏడుంటది?" అంది కాశమ్మ.

"మినిస్టర్ గారికి అడ్డం లేకుంట కనబడొద్దా?" అన్నాడు ఆఫీసర్ విశ్వేశ్వర్. కోసిన జమ్ముతోనే ప్రారంభోత్సవ సభకు పందిరి వేయించాడు. ఆయన పొదుపు చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

వెళుతూ కాశమ్మకు కూడా ఒక బాధ్యత అప్పగించాడు. "ఈడ పాతకాపువు నువ్వే. ఓపెనింగ్ నాడు పిట్ట కనబడలేదనుకో, నీ గుడిసె ఉండదు."

అప్పటినుంచి కాశమ్మకు తిండి సయించలేదు. గుడిసె వెనక మిగిలిన ఒక్క జమ్ము దుబ్బుకు కాపలా కూర్చుంది. పేదల్లో పక్షిప్రేమ పెంచడమంటే ఇదే.

సభనాడు బ్యాండు మోగింది. విశ్వేశ్వర్ ముందుచూపున్న మనిషి, పిట్ట పాటను ముందే టేపులో పట్టి ఉంచాడు. మంత్రిగారు మైకు అందుకుని, "ఈ పిట్ట పాట కోసం నా ప్రాణమైనా..." అంటుండగా, పందిరి జమ్ములోంచి పిట్ట పాడటం మొదలుపెట్టింది. చిన్న గొంతే గానీ మైకులో బాగా వినిపించింది.

మంత్రిగారు ఆగారు. "నేను మాట్లాడుతుంటే ఆ లొల్లి ఏంది?"

కానిస్టేబుల్ మొగులయ్య లాఠీతో పందిరిని బాదాడు. కాశమ్మ ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు బిడ్డా, గదే పిట్ట."

"ఊకో అవ్వా. సారు పిట్ట గురించి చెప్తున్నడు, ఇననియ్యి."

పిట్ట వంతెన దాటి వెళ్ళిపోయింది. టేపు పెట్టారు. మంత్రిగారు కళ్ళు మూసుకుని విన్నారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

సభలో పిట్ట కనబడనందుకు మర్నాడు కాశమ్మ గుడిసె పీకేశారు. అక్కడ ఇప్పుడు సిమెంటు పిట్టను నిలబెడుతున్నారు. అది ఏ దేశానికీ పోదట, సభలో నోరెత్తదట.